కార్పొరేటరును ఏమి అడుగవలెను?

శాసనసభకు పోటీచేయు అభ్యర్థి రాష్ట్రమును గురించి మాటలాడును. లోకసభకు పోటీచేయు అభ్యర్థి దేశమును గురించి మాటలాడును. మన వీధి చివర పొంగు మురుగుకాలువను గురించి మాటలాడవలసినవాడు పురపాలక అభ్యర్థి ఒక్కడే. అట్టి అభ్యర్థులు నలుగురు ఒకే వేదికపై కూర్చుండి ఓటరులకు సమాధానము చెప్పుట మన నగరములో అరుదు. 2020 నవంబరు చివరి వారములో, హైదరాబాదు మహానగర పాలకసంస్థ ఎన్నికలకు కొన్ని దినముల ముందు, హైటెక్ సిటీకి దాపున ఒక కాలనీలో అట్టి సమావేశ మొకటి మేము చూచితిమి. అక్కడ వినవచ్చిన ప్రశ్నలను గురించి, వానికి దొరకిన సమాధానములను గురించి, దొరకని వానిని గురించి నేడు శ్రోతలతో ముచ్చటింప దలచితిమి.

ముందు ఆ ప్రదేశమును గూర్చి ఒక మాట. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్సు భవనమును ప్రారంభించినపుడు దాని చుట్టును రాతిగుట్టలు, పొదలు, అక్కడక్కడ పాత గ్రామములు ఉండినవి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము అను పేర్లు అంతకు ముందే కలవు; అవి ఊళ్ళ పేర్లు. పిమ్మట ఈ ఊళ్ళు శేరిలింగంపల్లి పురపాలకసంఘములో ఉండినవి. 2007 ఏప్రిల్ 16న ఆ సంఘముతో పాటు మొత్తము 12 పురపాలకసంఘములను, 8 గ్రామపంచాయతీలను పాత నగరపాలక సంస్థలో కలిపి మహానగర పాలకసంస్థను ఏర్పరచిరి. ఇక జనసంఖ్యను గూర్చి చెప్పనేల? 2023 నాటికి శేరిలింగంపల్లి శాసనసభా నియోజకవర్గములో 7 లక్షలకు మించిన ఓటరు లుండిరి. రాష్ట్రములో అంతమంది ఓటరులు గల నియోజకవర్గము మరియొకటి లేదు.

సమావేశము అపార్టుమెంటు క్రింది అంతస్తులో, మోటారుకార్లు నిలుపు చోట జరిగినది. కోవిడు రోజులు, కుర్చీలు ఎడమెడముగా వేసిరి, అందరి మొగములకును మాస్కులు. అభ్యర్థులు నలుగురు వచ్చిరి. ముగ్గురు పార్టీలవారు. నాలుగవ యామె స్వతంత్ర అభ్యర్థి. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయిని. పేర్లతో మనకు పని లేదు.

వారు చేసిన వాగ్దానములను మేము వరుసగా వ్రాసికొంటిమి. పదునొకండు తేలినవి. ప్రతిదినము మంజీరా నీరు, వీధివీధికి నిఘా కెమెరా, ప్రభుత్వ పాఠశాలలో కంప్యూటరు గది, కరెంటు తీగలు భూమిలోనికి దించుట, కొత్త పోలీసు ఠాణా, మరియొక వంతెన, ఇంటిపన్ను తగ్గింపు, ఇట్టివి. ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఏది ఎవరి చేతిలోని పని అని ఒక్కొక్కదాని ఎదుట వ్రాయుచు పోయితిమి. పదునొకండింటిలో పాలకసంస్థ తన తీర్మానముతో, తన ధనముతో చేయగలిగినవి నాలుగు మాత్రమే. తక్కిన ఏడును ఇతరుల యధీనములోనివి.

నీరు 1989వ సంవత్సరపు చట్టము క్రింద ఏర్పడిన జలమండలి చేతిలోనిది. తీగలు విద్యుత్తు పంపిణీ సంస్థవి. ఠాణా ప్రభుత్వ హోంశాఖ పని. పాఠశాల విద్యాశాఖది. ఇక పన్ను తగ్గింపు సంగతి విచిత్రమైనది. 2016 ఎన్నికలకు ముందు, సంవత్సరమునకు 1,200 రూపాయల లోపు ఆస్తిపన్ను గల ఇండ్లవారు 101 రూపాయలు కట్టిన చాలునని రాష్ట్రప్రభుత్వము నిర్ణయించినది. 2020 ఎన్నికలకు ముందు దీపావళి కానుకగా, 15,000 రూపాయల వరకు పన్ను గల ఇండ్లకు ఆ సంవత్సరము సగము తగ్గించినది కూడ రాష్ట్రప్రభుత్వమే. నెలకు 20,000 లీటరుల నీరు ఉచితము అను మాట వచ్చినదియు ఆ నవంబరులోనే. తగ్గినది పాలకసంస్థ రాబడి, తగ్గించిన చేయి వేరొకరిది. మరి అభ్యర్థి "పన్ను తగ్గింతును" అని చెప్పుటలో అర్థమేమి? తన కుండలోని నీరు తాను పోయుట వేరు, పొరుగింటి కుండను చూపి దాహము తీర్తుననుట వేరు.

పన్నునకే సంబంధించిన మరియొక సంగతి ఆ వేదికపై ఎవరును ఎత్తలేదు. అద్దాల మేడలు బారులు తీరియున్న ఆ ప్రాంతములో, కోట్ల కొలది పన్ను చెల్లించు కార్యాలయ భవనములు అనేకము పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థవారి స్థానికాధికార మండలి పరిధిలో ఉండినవి. ఆ మండలి తన లేఔటులలో పన్ను తానే వసూలుచేసి, అందులో 35 శాతము స్థానికసంస్థకు పంపవలెనను ఏర్పాటు కలదు. అనగా ఒకే రోడ్డునకు కుడివైపు భవనము పన్ను ఒకరికి, ఎడమవైపు ఇంటి పన్ను మరొకరికి. కుడివైపు రోడ్లు అద్దమువలె ఉండగా ఎడమవైపు గల్లీలో మోకాలిలోతు నీరు నిలుచుటకు ఇదియొక్కటే కారణ మనము. కాని డివిజను బడ్జెటును గూర్చి మాటలాడు అభ్యర్థికి ఇది తెలిసియుండవలదా?

ఆ సంవత్సరము పాలకసంస్థ బడ్జెటు 5,380 కోట్ల రూపాయలు. 2025–26 నాటి కది 8,440 కోట్లకు పెరిగినది. వినుటకు గొప్ప మొత్తమే. అందులో అప్పునకును పాలు కలదు. వంతెనల నిమిత్తము పాలకసంస్థ 2018 ఫిబ్రవరిలో బాండ్ల ద్వారా 200 కోట్లు సేకరించినది, వడ్డీ 8.90 శాతము. తరువాతి రెండు విడతలతో కలిపి అది 495 కోట్లయ్యెను. అప్పుచేయుట తప్పని మా అభిప్రాయము కాదు. వంతెన కట్టినచో ముప్పది యేండ్లు పనికివచ్చును. దాని ఖర్చు ఒక్క సంవత్సరపు పన్నుతో తీర్చుట సాధ్యము కాదు. కాని "మరియొక వంతెన కట్టింతును" అన్న అభ్యర్థి, వడ్డీ ఏ పద్దునుండి కట్టుదురని ఒక పెద్దమనిషి అడుగగా, "అన్నీ పైనుంచి వస్తయి సార్" అని చేయి ఆకాశమువైపు చూపెను. సభలో నవ్వులు చెలరేగినవి. ఆ అభ్యర్థియు నవ్వెను.

అంతలో ముందువరుసనుండి ఒక యువకుడు లేచెను. పదేండ్లు అమెరికాలో ఉద్యోగముచేసి తిరిగివచ్చినవాడు. టెక్సాసు రాష్ట్రములో తానుండిన పట్టణమున పాఠశాల బోర్డునకు ప్రత్యేకముగా ఎన్నిక జరుగుననియు, ఇంటిపన్నులో సగమునకు పైగా పాఠశాలకే పోవుచుండెననియు, తనకు అక్కడ ఓటు లేకపోయినను బోర్డు సమావేశమునకు పోయి లెక్కలు అడిగితిననియు చెప్పి, "ఇక్కడ నా ఆస్తిపన్నులో బడికి ఎంత పోతున్నది?" అని నలుగురిని అడిగెను.

ముగ్గురు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. ఉపాధ్యాయిని మాత్రము, "బడికి ఏమీ పోదు నాయనా. గ్రంథాలయానికి పోవాలి, రూపాయికి ఎనిమిది పైసలు" అనెను.

ఆమె చెప్పినది సత్యము. ఆస్తిపన్నుతో పాటు నూటికి ఎనిమిది చొప్పున గ్రంథాలయ పన్ను మనమందరము కట్టుచున్నాము. దాని మూలము 1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టములో ఉన్నది. స్థానికసంస్థ ఈ సొమ్మును వసూలుచేసి గ్రంథాలయ సంస్థకు చేర్చవలెను. ఇది సంస్థ సొంత రాబడి కాదు, చేతిమీదుగా పోవలసిన సొమ్ము. పన్ను రసీదు తీసి చూచినచో ఈ పద్దు కనబడును. ఏప్రిల్ నెలలో ముందుగా చెల్లించి 5 శాతము తగ్గింపు పొందువారిలో ఎందరు ఆ గడిని చూచితిరో మేమెరుగము. మా డివిజనులో గ్రంథాలయ మెక్కడ, దానికి ఈ యేడు ఎంత చేరినది, అని అడుగుటకు ప్రతి ఇంటివానికిని హక్కు కలదు. ఇది అభ్యర్థి తప్పించుకొనలేని ప్రశ్న.

బడి సంగతి ఎందు కిట్లున్నదో కొంచెము వివరింపవలెను. 1992లో రాజ్యాంగమునకు రెండు సవరణలు జరిగినవి. ఒకటి పంచాయతీల గూర్చి, ఒకటి పురపాలికల గూర్చి. పంచాయతీల కప్పగింపదగిన పనుల పట్టికలో 29 అంశములు కలవు. అందు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య స్పష్టముగా వ్రాసియున్నది. పురపాలికల పట్టికలో 18 అంశములు. అందు పాఠశాల అను మాట లేదు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయములను ప్రోత్సహించుట అని మాత్ర మున్నది. దానికి ఏ అర్థమైనను చెప్పుకొనవచ్చును. కాబట్టి ఊరు ఊరుగా ఉన్నన్నాళ్ళు దాని బడిని గురించి అడుగుటకు ఎన్నికైన మనిషి ఉండెను. ఊరు నగరమైన నాడు ఆ మనిషి పోయెను. ఈ ప్రాంతములో నేటికిని ప్రభుత్వ పాఠశాలల బోర్డులపై "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల", "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని చూడవచ్చును. ఆ పరిషత్తులకు ఎన్నికలు జరిగినపుడు ఇక్కడివారికి ఓటు లేదు. పేరు మిగిలినది, పరిషత్తు తరలిపోయినది. నలువది అంతస్తుల మేడ నీడలో ఆ బోర్డును చదివినపుడు మాకు, ఇల్లమ్మి వెళ్ళిపోయినవారి పేరు ఇంకను గుమ్మముమీద నిలిచినట్లు తోచినది.

సభ ముగియవచ్చినది. టీ గ్లాసులు అందించుచుండిరి. అందించుచున్న యామె ఆ భవనపు వాచ్‌మను భార్య. ఆమె పళ్ళెము ప్రక్కన పెట్టి, ఉపాధ్యాయినితో మెల్లగా ఇట్లనెను: "టీచరమ్మా, పాఠాలు టీవీల వస్తున్నయంటరు. మా రూముల టీవీ లేదు. ఫోను ఆయన డ్యూటీకి కొంటవోతడు. ఎనక గల్లీల కమ్యూనిటీ హాలుంది గద, దానికెప్పుడూ తాళమే. అది తీపిచ్చి ఒక టీవీ పెడితే పిల్లలు దూరం దూరం కూసొని సూస్తరు."

శ్రోతలకు జ్ఞాపకముండవచ్చును: ఆ సంవత్సరము బడులు మూసియుండగా సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి ఛానెలులోను, టీశాట్‌లోను పాఠములు ప్రసారమైనవి. ప్రసారసంస్థలో పనిచేయువారము గనుక, పాఠము గాలిలోనికి పోయినదా అను విచారమే గాని, ఏ గదిలో దిగినది అను విచారము మాకును అంతగా లేకుండెను. ఆమె మాట విని సిగ్గుపడితిమి.

ఆమె ప్రశ్నను గమనింపుడు. ఆమె బడి కట్టుమనలేదు, పంతుళ్ళను వేయుమనలేదు. సామాజిక భవనపు తాళము తీయుమన్నది. ఆ భవనము పురపాలక ధనముతో కట్టినది. దాని నిర్వహణ, దీపము, ఊడ్పు, అన్నియు పాలకసంస్థ చేయదగిన పనులు. ఆ సాయంకాలము వచ్చిన ప్రశ్నలన్నిటిలో కార్పొరేటరు మరునాడే చేయగలిగిన పని ఇదియొక్కటే. చదువుకొన్న మేమందరము ఇతరుల చేతిలోని పనులను అడిగితిమి. ఆమె సరియైన వాకిలి తట్టినది.

పార్టీ అభ్యర్థులలో ఒకరు ఆమెవైపు తిరిగి, "నీ ఓటు ఏడుందమ్మా?" అని అడిగెను. "ఊర్ల ఉంది సారూ, నారాయణపేట దిక్కు" అని ఆమె చెప్పెను. ఆయన తల యూచి, గడియారము చూచుకొని, మరియొక సభ కలదని లేచెను. ఆయన చెడ్డవాడని మే మనము. ఎన్నికల లెక్క అట్టిది. పాలకసంస్థ ఓటరుల జాబితా శాసనసభ జాబితానుండియే తయారగును. అందు పేరు లేనివారు అభ్యర్థి కంటికి గోడతో సమానము. నివసించు చోటికి ఓటు మార్చుకొనుటకు నేడు ఫారము 8 కలదు, కొత్తగా చేరుటకు ఫారము 6 కలదు. కాని ఆ కుటుంబము ఓటు మార్చుకొనదు. ఊరిలో అరయెకరము చేను, ముసలితల్లి పింఛను, పంచాయతీలో చెల్లు మాట, అన్నియు ఆ ఓటుతో ముడిపడియున్నవి. వారి పిల్లలు పెరుగునది ఇక్కడ, వారి మాట చెల్లునది అక్కడ. ఈ మేడలను కట్టిన, కాచుచున్న వేలమంది సంగతి ఇంతే.

ఓటున్నవారు మాత్రము ఏమి చేసిరి? 2020 డిసెంబరు 1న పోలింగు. ముందురోజు కార్తికపూర్ణిమ, దానికి ముందు శని, ఆదివారములు. ఇంటినుండియే కార్యాలయపు పని చేయు రోజులు గనుక చాలమంది సొంత ఊళ్ళలో ఉండిరి. నగరమంతటను కలిపి పోలైనది నూటికి 46 పైచిలుకు. 2016లో 45, 2009లో 42. మూడు ఎన్నికలలో ఒక్కసారియైనను సగము దాటలేదు. టెక్సాసులో ఓటు లేకున్నను లెక్కలడిగిన ఆ యువకుడు ఓటు వేసెనా అని మేము తరువాత అడిగితిమి. విజయవాడలో ఉండిపోయితినని చెప్పెను.

మరియొక సంగతి కూడ మరువరాదు. ఎన్నికైనవారు అసలే లేని కాలములును ఈ నగరమునకు కలవు. 2007లో విలీనమైన పిమ్మట 2009 చివర వరకు పాలకమండలి లేదు. 2014 డిసెంబరు నుండి 2016 ఫిబ్రవరి వరకు ప్రత్యేకాధికారి పాలన. 2021 ఫిబ్రవరిలో కూర్చున్న మండలికి ఐదేండ్లు 2026 ఫిబ్రవరితో నిండినవి. ఈలోగా 2025 చివర బాహ్యవలయ రహదారి చుట్టుపట్లనున్న 27 పురపాలికలను విలీనము చేయుటతో డివిజనుల హద్దులును, సంఖ్యయు మారినవి. మీ ఇల్లు ఏ డివిజనులోనికి వచ్చినదో ముందు తెలిసికొనుడు. ఎవరిని అడుగవలెనో అపుడు గాని తెలియదు.

అడుగుటకు ఎన్నికలే కావలెనా యన్న, అక్కరలేదు. 2020 అక్టోబరులో సవరించిన చట్టము ప్రకారము ప్రతి డివిజనుకు నాలుగు వార్డు కమిటీలు ఉండవలెను: యువకులది, స్త్రీలది, వృద్ధులది, ప్రముఖ పౌరులది, ఒక్కొక్కదానిలో 25 మంది. ఒక డివిజనుకు నూరుమంది అన్నమాట. 2023 జూన్‌లో 150 డివిజనులకును వార్డు కార్యాలయములు తెరచి, ఒక్కొక్కదానిలో పదిమంది సిబ్బందిని నియమించిరి. చట్టములో వ్రాసిన నూరుమంది ఎవరు, వారు చివరిసారి ఎన్నడు కూడిరి, ఏమి తీర్మానించిరి అని అడిగి చూడుడు. మేము మా డివిజనులో అడిగితిమి. కుర్చీలు చూపిరి.

సామాజిక భవనపు తాళము సంగతి చెప్పి ముగింతుము. ఆ ఎన్నికలలో ఉపాధ్యాయిని ఓడిపోయెను. ధరావతు కూడ దక్కలేదు. ఫలితములు వచ్చిన వారమునకు ఆమె చేతిసంచితో కాలనీ సంఘము వారి యింటికి పోయి, తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నదో కనుగొని, ముగ్గురి ఇండ్లు తిరిగి సంపాదించెను. అపార్టుమెంటులో ఎవరో పాత టీవీ ఇచ్చిరి. డిసెంబరు నడుమనుండి పిల్లలు పదునాలుగుమంది అక్కడ పాఠములు చూచిరి. ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు బడులు తెరచిరి, మార్చి నెలాఖరులో మరల మూసిరి. భవనము మాత్రము తెరచియే ఉండెను. గెలిచిన అభ్యర్థి ఒకనాడు వచ్చి చూచి, రెండు ఫ్యాన్లు వేయించెనని విని సంతోషించితిమి.

వాచ్‌మను కూతురు నాడు ఎనిమిదవ తరగతి. ఇటీవల మేము అటు పోయినపుడు పదునెనిమిదేండ్లు నిండినవని చెప్పి ఫారము 6 చేత పట్టుకొని వచ్చినది. ఓటు ఊరిలో వ్రాయించుకొమ్మని తండ్రి, ఇక్కడనే యని తాను. నీవు ఎక్కడ నివసించుచున్నావో అక్కడి చిరునామా వ్రాయుమని చెప్పితిమి.

"వాచ్‌మన్ రూముకు నంబరు లేదు సార్, ఏం రాయాలె?" అని అడిగినది.

భవనపు ఆస్తిపన్ను రసీదు తెప్పించి, దానిపై నున్న ఇంటి నంబరును ఆ గడిలో వ్రాయించితిమి.